నీరసానికి అడ్రినల్ గ్రంథిని తప్పుపట్టే ముందు

పొద్దున లేవబుద్ధి కాదు. లేచినా కాఫీ పడేదాకా మనిషి మనిషిలో ఉండడు. మధ్యాహ్నం మూడింటికి కళ్ళు మూతలు పడతాయి, రాత్రి పదకొండింటికి మాత్రం నిద్ర ఎటో పోతుంది. ఉప్పగా, కారంగా ఏదో ఒకటి నమలాలనిపిస్తుంది. చిన్న మాటకే విసుగు. ఇవన్నీ వరసగా చెప్పి, చివర "వీటిలో ఐదు మీకుంటే మీ అడ్రినల్ గ్రంథులు అలసిపోయినట్టే" అని తేల్చేసే వీడియోలు, వాట్సాప్ సందేశాలు ఇప్పుడు బాగా తిరుగుతున్నాయి. చాలావాటి వెనకాల ఒక పరీక్ష కిట్టో, ఒక క్యాప్సూల్ సీసానో అమ్మకానికి ఉంటుంది.

సూటిగానే చెబుతాను. అడ్రినల్ ఫెటీగ్, అంటే అడ్రినల్ అలసట అనే జబ్బు లేదు. అయితే ఆ జాబితా చదివి "ఇది నా గురించే" అనుకున్న మనిషి నీరసం మాత్రం నూటికి నూరుపాళ్ళూ నిజం. ఈ రెండు మాటలూ కలిపి చెప్పాలి. మొదటిది ఒక్కటే చెప్పి "నీకేం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అని పంపేస్తే ఆమె మళ్ళీ ఆ వీడియో దగ్గరికే వెళ్తుంది. తన బాధను నమ్మినవాళ్ళు అక్కడైనా ఉన్నారు మరి.

వీటి పక్కన చెప్పాల్సిన మూడో మాట కూడా ఉంది. అడ్రినల్ గ్రంథులు నిజంగానే పనిచేయకుండా పోయే జబ్బు ఒకటుంది. దాన్ని అడ్రినల్ ఇన్‌సఫిషియెన్సీ అంటారు, తెలుగులో అడ్రినల్ లోపం అనుకోవచ్చు. సమయానికి గుర్తించకపోతే ప్రాణం తీసే జబ్బు అది. ఇంట్లోవాళ్ళు కనిపెట్టి ఉండాల్సింది దాన్ని.

అసలు ఆ గ్రంథి ఏం చేస్తుంది

రెండు కిడ్నీల మీదా ఒక్కో టోపీలా కూర్చుని ఉండే చిన్న గ్రంథులివి. ఒక్కోటి నాలుగైదు గ్రాములకు మించదు. లోపలి భాగం అడ్రినలిన్ తయారుచేస్తుంది. కుక్క మీదికొచ్చినప్పుడు గుండె దడదడలాడేది దాని వల్లే. బయటి పొరలో తయారయ్యేవాటిలో మనకు ముఖ్యమైనవి రెండు. ఒకటి కార్టిసాల్: రక్తంలో చక్కెరను, బీపీని నిలబెడుతుంది, జ్వరమో ఆపరేషనో వచ్చినప్పుడు ఒళ్ళు తట్టుకునేలా చేస్తుంది. రెండోది ఆల్డోస్టెరోన్: ఒంట్లో ఉప్పు పోకుండా కాపాడుతుంది, పొటాషియం పేరుకుపోకుండా చూస్తుంది.

కార్టిసాల్ రోజంతా ఒకేలా ఉండదు. తెల్లవారుజామున పెరుగుతూ వచ్చి, ఆరు నుంచి ఎనిమిది గంటల మధ్య బాగా ఎక్కువగా ఉండి, సాయంత్రానికి తగ్గి, అర్ధరాత్రికి అడుగంటుతుంది. గ్రంథి తనంతట తాను ఈ లెక్క వేసుకోదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే హార్మోను ద్వారా చెబితేనే అడ్రినల్ కదులుతుంది. ఈ ఏసీటీహెచ్ సంగతి గుర్తుంచుకోండి, కింద చాలా విషయాలు దీని చుట్టూనే తిరుగుతాయి.

"అలసిపోవడం" అనే ఆలోచన ఎక్కడ పుట్టింది

1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త కెనడాలోని మాంట్రియల్‌లో ఎలుకల మీద ప్రయోగాలు చేశాడు. చలి, గాయాలు, విషపదార్థాలు, ఏ రకం బాధ పెట్టినా ఎలుక ఒళ్ళు ఒకే పద్ధతిలో స్పందిస్తోందని గమనించాడు. మొదట ఉలికిపాటు, తర్వాత తట్టుకోవడం, బాధ ఇంకా సాగితే చివరికి చతికిలపడటం. ఈనాడు మనం స్ట్రెస్ అని మాట్లాడుకునేదానికి పునాది ఇక్కడే పడింది. ఆ మూడో దశను పట్టుకుని, దీర్ఘకాలం టెన్షన్ పడితే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ తయారుచేసి చేసి ఖాళీ అయిపోతాయని చాలా ఏళ్ళ తర్వాత కొందరు చెప్పడం మొదలుపెట్టారు. 1998లో జేమ్స్ విల్సన్ అనే అమెరికన్ ప్రకృతి వైద్యుడు దానికి అడ్రినల్ ఫెటీగ్ అని పేరు పెట్టాడు.

వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ సెల్యే చూసిన ఎలుకల్లో అడ్రినల్ గ్రంథులు పెద్దవయ్యాయి, చిన్నబోలేదు. మనుషుల్లోనూ అంతే. ఐసీయూలో ప్రాణాల మీదికి వచ్చిన రోగి ఒంట్లో కార్టిసాల్ మామూలు కంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది. తీవ్రమైన డిప్రెషన్ ఉన్న చాలామందిలో కూడా అది ఎక్కువగానే కనిపిస్తుంది. అత్తగారితో పొసగకపోవడం వల్లో, ఆఫీసులో టార్గెట్ల వల్లో అడ్రినల్ ఎండిపోయిన దాఖలా లేదు.

ఈ విషయం తేల్చడానికి బ్రెజిల్‌కు చెందిన కడేజియానీ, కాటర్ అనే ఇద్దరు వైద్యులు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టి 58 అధ్యయనాలను పరిశీలించారు. 2016లో వాళ్ళు ప్రచురించిన ఫలితం ఇది: అలసట ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ మధ్య కార్టిసాల్‌లో నమ్మదగిన తేడా కనబడలేదు. కొన్నిటిలో తక్కువ, కొన్నిటిలో ఎక్కువ, చాలావాటిలో సమానం. వాడిన పరీక్షలు కూడా ఒకదానితో ఒకటి పోల్చడానికి వీల్లేనివి. హార్మోన్ల డాక్టర్ల సంఘాలు ఈ పేరును జబ్బుగా గుర్తించకపోవడానికి కారణం ఇదే.

ఇంట్లో చేసుకోమంటున్న పరీక్షలు

ఎక్కువగా చెప్పేవి మూడు. కంట్లో టార్చి వేసి చూడమనేది ఒకటి. కనుపాప ముడుచుకుని నిలబడకుండా అదురుతుంటే అడ్రినల్ బలహీనమైనట్టట. వెలుగు పడితే కనుపాప కాస్త అటూ ఇటూ ఆడటం ఆరోగ్యవంతులకూ సహజమే, దాన్నిబట్టి ఏమీ తేలదు.

రెండోది లాలాజలం కిట్టు. రోజులో నాలుగుసార్లు గొట్టంలో ఉమ్మి పంపితే కార్టిసాల్ గీత గీసి ఇస్తారు. లాలాజలంలో కార్టిసాల్ కొలవడం అబద్ధపు పరీక్షేమీ కాదు. రాత్రిపూట తీసిన నమూనాను డాక్టర్లు కార్టిసాల్ మరీ ఎక్కువైన కుషింగ్ జబ్బును పట్టుకోవడానికి నిజంగానే వాడతారు. చిక్కు ఎక్కడంటే, నీరసానికి ఆ గీతతో పెట్టిన ముడి దగ్గర. ఆ రోజు నిద్ర, పళ్ళు తోముకున్న వేళ, సిగరెట్, నైట్ షిఫ్ట్, అన్నీ ఆ గీతను మార్చేస్తాయి. గచ్చిబౌలిలో అమెరికా టైమింగ్స్‌కి పనిచేసి తెల్లారి పడుకునేవాళ్ళ కార్టిసాల్ గడియారమే వేరు. ప్రింటు రిపోర్టులో గీత వంకరగా ఉందని వాళ్ళని రోగుల్ని చేయడం అన్యాయం.

మూడోదాన్ని మాత్రం కొట్టిపారేయను. పడుకుని ఒకసారి, నిలబడి ఒకసారి బీపీ చూసుకోవడం. ఇది అసలైన వైద్యంలో ఉన్న పరీక్షే, ఇంట్లో బీపీ మిషన్ ఉంటే ఎవరైనా చేయొచ్చు. ఐదు నిమిషాలు వెల్లకిలా పడుకుని, మాట్లాడకుండా, పట్టీ చేతికి ఉంచే మొదటి అంకె తీయండి. పట్టీ విప్పకుండా లేచి నిలబడి ఒక నిమిషానికి, మళ్ళీ మూడో నిమిషానికి తీయండి. పక్కన ఒక మనిషి ఉండాలి, కళ్ళు తిరిగితే పట్టుకోవడానికి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే అది పట్టించుకోవాల్సిన విషయం. కానీ అది అడ్రినల్‌కి మాత్రమే సంబంధించిన గుర్తు కాదు. నీళ్ళ విరేచనాలైనా, బీపీ బిళ్ళల డోసు ఎక్కువైనా, ప్రోస్టేట్ మందు వల్లయినా, పాత షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నా అలాగే పడిపోతుంది. ఆ అంకెలు కాగితం మీద రాసుకుని డాక్టరుకి చూపించాలి, అంతవరకే దాని పని.

నిజమైన అడ్రినల్ లోపం ఎలా ఉంటుంది

1855లో లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ అడిసన్ పదకొండుమంది రోగుల గురించి రాశాడు. క్రమంగా సత్తువ పోవడం, ఆకలి చచ్చిపోవడం, నాడి బలహీనపడటం, చర్మం రంగు వింతగా మారడం. చనిపోయాక పరీక్షిస్తే అడ్రినల్ గ్రంథులు పాడైపోయి కనిపించాయి, వాళ్ళలో చాలామందికి కారణం క్షయ. అందుకే దీన్ని అడిసన్ జబ్బు అన్నారు. ఇప్పుడు పాశ్చాత్య దేశాల్లో ఒంటి రోగనిరోధక శక్తే పొరపాటున ఈ గ్రంథి మీద దాడి చేయడం ప్రధాన కారణం. మన దగ్గర దానితోపాటు టీబీ ఇంకా పెద్ద కారణమే. హిస్టోప్లాస్మా అనే ఫంగస్ కూడా ఈ గ్రంథుల్లో కాపురం పెడుతుంది, ముఖ్యంగా షుగరు ఉన్నవాళ్ళలో.

గ్రంథి చాలా వరకు, సుమారు పదింట తొమ్మిది వంతులు పాడయ్యేదాకా జబ్బు బయటపడకపోవచ్చు. అందుకే ఇది నెలల తరబడి నక్కి ఉంటుంది. మనిషి చిక్కిపోతుంటాడు. బరువు తగ్గడం ఇందులో పెద్ద గుర్తు. "నీరసంగా ఉంది, బరువు మాత్రం పెరుగుతోంది" అంటే అది చాలావరకు అడిసన్ కాదు. అన్నం సయించదు, వికారం, అప్పుడప్పుడు వాంతులు, కడుపులో నొప్పి. గ్యాస్ అనుకుని ఎండోస్కోపీలు చేయించుకుని, ఏమీ లేదని తిరిగొచ్చేవాళ్ళుంటారు. మంచం మీంచి లేవగానే కళ్ళు చీకట్లు కమ్ముతాయి. ఉప్పు మీద యావ పుడుతుంది. యావ అంటే సాయంత్రం మిక్చర్ తినాలనిపించడం కాదు. పచ్చడిలో, మజ్జిగలో ఉప్పు మీద ఉప్పు వేసుకోవడం, ఒట్టి ఉప్పే నోట్లో వేసుకోవడం దాకా వెళ్తుంది. ఒంట్లోంచి ఉప్పు నిజంగానే మూత్రంలో కొట్టుకుపోతుంటుంది మరి.

ఇక రంగు. ఇది మనవాళ్ళు తరచూ పొరబడే చోటు, కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. అడ్రినల్ పలకకపోతే పిట్యూటరీ ఏసీటీహెచ్‌ను విపరీతంగా వదులుతుంది. అది చర్మంలో నల్లరంగు తయారుచేసే కణాలను కూడా రెచ్చగొడుతుంది. దాంతో ఎండ తగిలే చోటే కాదు, తగలని చోట కూడా నల్లబడుతుంది. అరచేతి గీతల్లో, వేలి కణుపుల మీద, మోచేతుల దగ్గర, పాత మచ్చల మీద, పెదవుల లోపలి వైపు, చిగుళ్ళ మీద, నాలుక మీద నల్లటి మరకలు. బంధువులు "ఏంటి ఇలా నల్లబడ్డావు, ఎండలో తిరిగావా?" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. మన ఒంటి రంగుకి చిగుళ్ళ మీద నలుపు పుట్టుకతోనే ఉండటం మామూలే. అందుకే నలుపు ఉందా లేదా అని కాకుండా, ఏడాది కింద లేనిది ఇప్పుడు వచ్చిందా అని చూడాలి. అరచేయి చాపి గీతల్ని చూడండి. ఫోన్‌లో రెండేళ్ళ కిందటి పెళ్ళి ఫోటో తీసి ఇప్పటి ముఖంతో పక్కపక్కన పెట్టండి. ఇంట్లో రోజూ చూసేవాళ్ళకి మెల్లగా వచ్చిన మార్పు కంటికి ఆనదు, ఫోటో పట్టిస్తుంది.

అమెరికా అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెనడీకి ఈ జబ్బే ఉండేది. 1947లో లండన్‌లో కుప్పకూలినప్పుడు బయటపడింది. ఎండకి కమిలినట్టుండే ఆయన రంగును జనం ఆరోగ్యం అనుకున్నారు. 1960 ఎన్నికల్లో ఆయన మనుషులు ఆ జబ్బు మాట పైకి రానివ్వలేదు. కార్టిసోన్ మందు 1940ల చివర్లో చేతికి రాకపోయి ఉంటే ఆయన అధ్యక్షుడయ్యేదాకా బతికేవాడే కాదు.

ఈ రోగులకు అసలు గండం మామూలు రోజుల్లో రాదు. ఒక జ్వరం, రెండు రోజుల విరేచనాలు, పంటి ఆపరేషన్, యాక్సిడెంట్. అప్పుడు ఆరోగ్యవంతుడి ఒంట్లో కార్టిసాల్ ఎగబాకుతుంది, వీళ్ళలో ఎగబాకడానికి ఏమీ ఉండదు. బీపీ పడిపోయి, వాంతులు ఆగక, మత్తుగా మాట తడబడుతూ, షుగర్ తగ్గి గంటల్లో మనిషి చేజారిపోవచ్చు. దీన్ని అడ్రినల్ క్రైసిస్ అంటారు. రక్తపరీక్షలో సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ కనిపించడం ఒక ఆధారం.

టీబీ మందులు వాడుతున్నవాళ్ళ విషయంలో ఇంకో మాట. అందులో ఉండే రిఫాంపిసిన్ ఒంట్లో కార్టిసాల్‌ను త్వరగా కరిగించేస్తుంది. టీబీ వల్ల అప్పటికే అడ్రినల్ సగం పోయిన మనిషికి, మందులు మొదలైన కొద్ది వారాల్లో నీరసం, వాంతులు తగ్గాల్సింది పోయి పెరుగుతాయి. "మందు పడట్లేదు" అని మానేసేవాళ్ళు ఉంటారు. మానకూడదు. పడట్లేదని కాకుండా "లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి, బీపీ ఇంత ఉంది" అని చెప్పి, కార్టిసాల్ చూడమని అడగాలి.

పొట్లంలో చిన్న తెల్లబిళ్ళ

మన ఊళ్ళలో అడ్రినల్ పడుకోవడానికి అన్నిటికంటే మామూలు కారణం టెన్షనూ కాదు, టీబీ కూడా కాదు. స్టెరాయిడ్ బిళ్ళలు, అంటే కార్టిసాల్ చేసే పనే చేసే మందులు. ఈ ఒక్క సంగతి చెప్పడానికే ఈ వ్యాసం రాశానన్నా ఫరవాలేదు.

ప్రెడ్నిసోలోన్, డెక్సామెథసోన్, బెటామెథసోన్. ఉబ్బసానికి, కీళ్ళవాతానికి, కొన్ని చర్మ, కిడ్నీ జబ్బులకి ఇవి ప్రాణదాతలు. డాక్టరు రాసి, కనిపెట్టి చూస్తున్నప్పుడు భయపడాల్సిన పనిలేదు. గొడవ ఎక్కడంటే, అవి స్టెరాయిడ్లని తెలియకుండా జనం మింగే చోట. మోకాళ్ళ నొప్పులకు పల్లెలో ఇచ్చే డోసు పొట్లం విప్పి చూడండి. రేకు నుంచి కత్తిరించి, పేరున్న ముక్క తీసేసి, రెండు మూడు రంగుల బిళ్ళలు కాగితంలో మడిచి ఉంటాయి. అందులో ఒకటి చిన్నగా, తెల్లగా. పొద్దున వేసుకుంటే సాయంత్రానికి నొప్పి పోతుంది. ఆకలి పుంజుకుంటుంది, ఒళ్ళు తేలికైనట్టుంటుంది. కొన్ని చోట్ల అదే మందును పొడి చేసి ఆకు మందనీ, వాతం మందనీ పేరుపెట్టి సీసాల్లో అమ్ముతారు. ఏ మూలికైనా ఒక్క రోజులో పాత కీళ్ళనొప్పిని ఎగరగొట్టిందంటే నాకైతే మొదటి అనుమానం స్టెరాయిడ్ మీదే.

అరమిల్లీగ్రాము డెక్సామెథసోన్ బిళ్ళ ఒక్కటి, మామూలు రోజున ఒంటికి కావలసిన కార్టిసాల్ చేసే పనిని దాదాపుగా చేసేస్తుంది. రక్తంలో స్టెరాయిడ్ పుష్కలంగా కనిపించడంతో పిట్యూటరీ ఏసీటీహెచ్ పంపడం ఆపేస్తుంది. పిలుపు రాని అడ్రినల్ మెల్లగా కుంచించుకుపోతుంది. రోజూ గుమ్మం ముందుకి ట్యాంకరు వచ్చి నీళ్ళు పోస్తుంటే ఇంటి బోరు మోటారు నెలల తరబడి వేయం. ఒకరోజు ట్యాంకరు రాకపోతే స్విచ్ వేసినా మోటారు తిరగదు, బిగుసుకుపోయి ఉంటుంది. మూడు నాలుగు వారాలకు మించి రోజూ స్టెరాయిడ్ వాడిన మనిషి ఒక్కసారి మానేస్తే జరిగేది అదే.

వాడుతున్నంతకాలం ఒంటి మీద గుర్తులు వేరుగా ఉంటాయి. ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, బుగ్గలు ఎరుపెక్కుతాయి. పొట్ట పెరిగి, కాళ్ళూ చేతులూ సన్నబడతాయి. మెడ వెనక కొవ్వు చేరుతుంది. చిన్న దెబ్బకే చర్మం కమిలి నీలం మచ్చ పడుతుంది. లేని షుగరు, బీపీ వచ్చిపడతాయి. ఊళ్ళోవాళ్ళు "మందు పడింది, ఒళ్ళు చేసింది" అని మెచ్చుకుంటారు.

ఆపాక కథ తిరగబడుతుంది. రెండు మూడు రోజుల్లో ఒళ్ళంతా నొప్పులు, కాళ్ళు లాగడం, ఆకలి లేకపోవడం, వికారం, లేవలేని నీరసం, కొందరికి జ్వరం. ఇక్కడ చర్మం నల్లబడదు, ఏసీటీహెచ్ తక్కువే కాబట్టి. ఉప్పు యావ కూడా పెద్దగా ఉండదు, ఆల్డోస్టెరోన్ బాగానే ఉంటుంది. అందువల్ల అడిసన్ గుర్తులు వెతికేవాళ్ళకి ఇది దొరకదు. రోగి మాత్రం పాత జబ్బు తిరగబెట్టిందనుకుని మళ్ళీ ఆ పొట్లం కోసమే వెళ్తాడు. వేసుకోగానే లేచి కూర్చుంటాడు. ఆ మందే మంచిదన్న నమ్మకం మరింత గట్టిపడుతుంది.

కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళు "నీరసం, నీరసం" అంటుంటే ముందు వాళ్ళ బిళ్ళల డబ్బా బోర్లించండి. "అత్తయ్యా, నొప్పులకి ఏమైనా వేసుకుంటున్నారా?" అని కాదు, "ఎవరి దగ్గర తెచ్చుకుంటున్నారు, ఎన్నాళ్ళ నుంచి, ఆఖరిసారి ఎప్పుడు వేసుకున్నారు?" అని అడగండి. మోకాలిలో సూదులు వేయించుకున్నారా, తెల్లబడటానికని ముఖానికి ఏ క్రీము రాస్తున్నారు, ఉబ్బసం ఇన్‌హేలర్ డోసు ఎంత, ఇవన్నీ అడగాలి. కీళ్ళలో వేసే స్టెరాయిడ్ సూది, నెలల తరబడి రాసే ఘాటు స్టెరాయిడ్ క్రీము కూడా అడ్రినల్‌ను అణచగలవు. ఇది చదివి భయపడి ఆ బిళ్ళలు చెత్తబుట్టలో వేయొద్దు, అదే అసలు ప్రమాదం. డబ్బాతో సహా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. డోసు కొంచెం కొంచెంగా, వారాల మీద, కొన్నిసార్లు నెలల మీద దించుతారు. అడ్రినల్ చాలామందిలో తిరిగి లేస్తుంది, కాకపోతే టైం పడుతుంది.

ఆడవాళ్ళలో తరచు తప్పిపోయే కారణం ఇంకొకటి ఉంది. కాన్పులో రక్తం విపరీతంగా పోతే పిట్యూటరీ గ్రంథికి రక్తం అందక దెబ్బతింటుంది. దాన్ని షీహాన్ సిండ్రోమ్ అంటారు. బాలింతకు పాలు పడవు, నెలసరి తిరిగి రాదు. తర్వాత ఏళ్ళ తరబడి నీరసం, చలి ఓర్వలేకపోవడం, చంకల్లో వెంట్రుకలు రాలిపోవడం. పాలు పడలేదంటే డబ్బా పాలు పట్టి ఊరుకుంటారు, నెలసరి ఆగిందంటే పీడ వదిలిందనుకుంటారు. పదేళ్ళకో పదిహేనేళ్ళకో ఒక జ్వరంతో ఆసుపత్రికి వచ్చినప్పుడు సోడియం అడుగంటి కనబడుతుంది. అమ్మనో పిన్నినో "ఆ కాన్పులో రక్తం ఎక్కించారా, ఆ బిడ్డకి నీ పాలు పట్టావా?" అని ఒక్కసారి అడిగితే చాలు, సగం రోగనిర్ధారణ అయిపోయినట్టే.

మరి మామూలు నీరసం సంగతి

ఎక్కువమంది నీరసానికి అడ్రినల్‌తో ఏ సంబంధమూ ఉండదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగానికి పైగా ఆడవాళ్ళకి రక్తం తక్కువున్న చోట, నీరసం అనగానే కార్టిసాల్ గీత గీయించుకోమనడం నాకు బాధగా ఉంటుంది. ముందు హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెర్రిటిన్ చూడాలి. థైరాయిడ్, షుగర్, బీ12 చూడాలి. బీ12 శాకాహారుల్లో, ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగరు బిళ్ళ వాడేవాళ్ళలో బాగా తగ్గుతుంది. సాయంకాలం జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ చూడాలి. గురక పెట్టి, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవాళ్ళకి ఎనిమిది గంటలు పడుకున్నా అలసట తీరదు. అది స్లీప్ ఆప్నియా, దానికి వైద్యం ఉంది. రెండు వారాలకు మించి దేనిమీదా మనసు లేకపోతే డిప్రెషన్ సంగతి అడగాలి. ఆ మాట అనడానికి సిగ్గుపడే ఇళ్ళలో "అడ్రినల్" అన్న పేరు గౌరవంగా అనిపించి, మనసుకు అందాల్సిన వైద్యం ఆగిపోతోంది.

థైరాయిడ్ గురించి ఒక జాగ్రత్త. అడిసన్ గానీ, షీహాన్ గానీ ఉన్న మనిషికి థైరాయిడ్ కూడా తక్కువే ఉండొచ్చు. కార్టిసాల్ లోటు తీర్చకుండా థైరాయిడ్ బిళ్ళ మొదలుపెడితే అడ్రినల్ క్రైసిస్ వచ్చే ప్రమాదముంది. థైరాయిడ్ బిళ్ళ మొదలెట్టాక నీరసం తగ్గకపోగా బరువు తగ్గి, వాంతులు పెరిగితే ఆగకుండా డాక్టరుకి చెప్పాలి.

అడ్రినల్ సపోర్ట్ పేరుతో అమ్మే సీసాల గురించి. 2018లో అమెరికాలో అలాంటి 12 ఉత్పత్తులను ల్యాబులో పరీక్షిస్తే, అన్నిటిలోనూ లేబుల్ మీద చెప్పని థైరాయిడ్ హార్మోను, ఎక్కువ వాటిలో ఏదో ఒక స్టెరాయిడ్ హార్మోను బయటపడ్డాయి. వేసుకోగానే హుషారు రావడానికి కారణం అర్థమైంది కదా. అమెరికాలో ఉన్న మనవాళ్ళు సెలవులకి వచ్చేటప్పుడు అమ్మానాన్నలకి ఇలాంటి సీసాలు తెస్తుంటారు, ప్రేమతోనే తెస్తారు. దయచేసి తేవొద్దు. మూలికల మందుల్లో తరచు ఉండే అతిమధురం కూడా ఎక్కువైతే బీపీ పెంచి, పొటాషియం దించేస్తుంది. అశ్వగంధ వల్ల లివర్ దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. మూలిక కదా అని అమాయకంగా వాడేవి కావు ఇవి.

పరీక్ష, ఆ తర్వాత

అడ్రినల్ లోపం మీద నిజంగా అనుమానం ఉంటే మొదటి పరీక్ష ఖరీదైనదేమీ కాదు. పొద్దున ఎనిమిది ప్రాంతంలో తీసిన రక్తంలో కార్టిసాల్. డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల కంటే తక్కువుంటే లోపం ఉందనే అనుకోవాలి. 15 నుంచి 18 దాటితే దాదాపు లేనట్టే. మధ్యలో ఉంటే ఏసీటీహెచ్ సూది ఇచ్చి, అరగంటకీ గంటకీ కార్టిసాల్ ఎంత పెరిగిందో చూస్తారు. సాయంత్రం తీసిన రక్తంలో తక్కువ వచ్చిందని బెంబేలెత్తొద్దు, అప్పుడు తక్కువే ఉంటుంది. నైట్ షిఫ్ట్ చేసేవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళలో అంకె అసలు కంటే ఎక్కువగా కనిపిస్తుంది, అదీ చెప్పాలి. స్టెరాయిడ్ వాడకం దాస్తే మాత్రం పరీక్షకి అర్థమే ఉండదు.

చూపించాల్సింది ఎండోక్రైనాలజిస్టుకి, అంటే హార్మోన్ల డాక్టరుకి. హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, విశాఖలో కేజీహెచ్, తిరుపతిలో స్విమ్స్‌లో ఈ విభాగాలున్నాయి. అంతదూరం వెళ్ళే ముందు మీ ఊరి ఎంబీబీఎస్ డాక్టరు కూడా సోడియం, పొటాషియం, పొద్దుటి కార్టిసాల్ రాయగలరు.

లోపం ఉందని తేలినవాళ్ళకి హైడ్రోకార్టిసోన్ లేదా ప్రెడ్నిసోలోన్ చిన్న డోసులో రోజూ ఇస్తారు. అడిసన్ అయితే ఉప్పు నిలిపే ఫ్లూడ్రోకార్టిసోన్ కూడా. పొట్లంలో స్టెరాయిడ్‌ని తిట్టి ఇక్కడ స్టెరాయిడ్ వాడమంటున్నానేంటని అనుకోవద్దు. ఇక్కడ ఇచ్చేది ఒళ్ళు తయారుచేసుకోలేనిదాన్ని, తయారుచేసుకునేంత కొలతలో. జీవితకాలం వాడాల్సినవాళ్ళు కూడా ఉద్యోగాలు చేస్తారు, పిల్లల్ని కంటారు, తిరుమల కొండ నడిచి ఎక్కుతారు.

వాళ్ళ ఇంట్లోవాళ్ళు నేర్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. జ్వరం వస్తే ఆ రోజుల్లో డాక్టరు చెప్పినట్టు డోసు రెట్టింపో మూడింతలో చేయాలి, తగ్గాక మామూలు డోసుకి రావాలి. వాంతులై బిళ్ళ కడుపులో నిలవకపోతే ఇంక బిళ్ళతో పని జరగదు, హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాముల సూది కావాలి. ఆ సూదిమందు సీసా, సిరంజి ఇంట్లో ఉంచుకోమని, తొడ కండలో ఎలా వేయాలో నర్సు దగ్గర నేర్చుకోమని ఎండోక్రైనాలజిస్టులు చెబుతారు. ఏకాదశి ఉపవాసమైనా రంజాన్ రోజా అయినా ముందు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. పన్ను తీయించుకుంటున్నా, ఆపరేషన్‌కి వెళ్తున్నా మత్తు డాక్టరుకి ఈ జబ్బు సంగతి తెలియాలి. పర్సులో, ఫోన్ కవర్ వెనక ఒక కార్డు ఉంచండి, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ: నాకు అడ్రినల్ లోపం ఉంది, నేను స్పృహలో లేకపోతే వెంటనే హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాముల సూది, సెలైన్ ఇవ్వండి. కింద మీ డాక్టరు ఫోన్ నంబరు, ఇంట్లో ఒకరి నంబరు రాయండి. 108లో వచ్చేవాళ్ళకైనా, క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరుకైనా ముందుగా ఆ కార్డు చేతికివ్వాలి.